మండువా, పెంకుటిల్లు, డాబా, డూప్లెక్స్: గోదావరి డెల్టా ఇళ్లలో ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి. కోనసీమలో మొదలుపెట్టాను, ఇప్పుడు నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు కూడా తిరుగుతుంటాను. వచ్చినవాళ్లలో సగం మంది "మండువా లాంటిది కావాలండి" అని ఫోన్‌లో ఫొటో చూపిస్తారు. చూస్తే అది కేరళ ఇల్లు. "మాది డూప్లెక్స్" అన్నవాళ్ల ఇంటికి వెళితే మెట్లు వీధి వైపు ఉంటాయి. పేర్లు ఇలా కలిసిపోవడం వల్ల ప్లాన్ రెండేసి సార్లు గీయాల్సి వస్తోంది. అందుకే మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నల్ని ఒకచోట పెట్టాను.

ఇంటి రకం తెలియాలంటే మొదట ఏం చూడాలి?

మూడే చూడండి. వాన నీళ్లు ఎటు పడుతున్నాయి, మెట్లు ఎక్కడ మొదలవుతున్నాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎటు నుంచి వెళుతున్నారు.

మనకు కప్పు చూసి పేరు పెట్టేయడం అలవాటు. పెంకు వేస్తే పెంకుటిల్లు, తాటాకు నేస్తే తాటాకిల్లు, శ్లాబు పోస్తే డాబా. కానీ కప్పు మారిపోతుంది. పెంకు దింపేసి రేకులు వేస్తారు, రేకులు తీసేసి శ్లాబు పోస్తారు. గదుల అమరిక అంత తేలిగ్గా మారదు. ముమ్మిడివరం వైపు ఒక ఇంటికి కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. వీధిలోంచి చూస్తే అచ్చం డాబా, పిట్టగోడకు రంగులు కూడా కొత్తవి. లోపల అడుగు పెడితే చుట్టూ టేకు స్తంభాలు, మధ్యలో అడుగు లోతు పల్లం. మండువా ఇంటికే పైన శ్లాబు పోసేశారు. "పల్లం పూడ్చేద్దామంటే మా అమ్మ ఒప్పుకోలేదండి" అన్నాడు ఇంటాయన.

మండువా లోగిలి అంటే ఏంటి? మధ్యలో ఖాళీ జాగా ఉంటే చాలా?

చాలదు. మండువాకు అసలు గుర్తు ఖాళీ జాగా కాదు, కప్పు వాలు. నాలుగు వైపులా గదులుంటాయి. ఆ గదుల కప్పు బయటికి ఎంత వాలుతుందో లోపలికీ అలాగే వాలి, నాలుగు చూర్లూ మధ్యలో ఉన్న చతురం మీదికి దిగుతాయి. వాన కురిస్తే సగం నీళ్లు ఇంటి బయట పడితే మిగతా సగం ఇంటి నడిబొడ్డులో పడతాయి. పల్లంలో పడిన నీళ్లు గచ్చు కింద తూములోంచి వీధి కాలవలోకో పెరట్లోకో పోతాయి. వెనకటికి చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీళ్లు పట్టుకునేవారు.

పల్లం చుట్టూ స్తంభాల వరస ఉంటుంది. స్తంభాలకూ గదుల గోడలకూ మధ్య నడిచే జాగా. ఏ గదిలోంచి ఏ గదికి వెళ్లాలన్నా ఈ నడవ మీదుగానే వెళ్లాలి. కాబట్టి వాన నీళ్ల ప్రశ్నకు జవాబు "లోపలికి", గదుల ప్రశ్నకు జవాబు "మండువా చుట్టూ తిరిగి". ఈ రెండూ కలిస్తేనే మండువా.

మండువా ఇంటికి బలహీనమైన చోటు లోపలి నాలుగు మూలలు. రెండు వాలులు కలిసే చోట నీళ్లు మందంగా దిగుతాయి, అక్కడ దోనె వేస్తారు. ఆ దోనె తుప్పు పట్టిందంటే కింది మూలవాసం నానిపోతుంది. పాత ఇల్లు కొనేవాళ్లు గోడల పగుళ్లు చూస్తారు. నేనైతే ముందు ఈ నాలుగు మూలలకేసి తలెత్తి చూడమంటాను.

ఇంత కలప ఎక్కడిదని అడుగుతుంటారు. డెల్టాలో టేకు అడవి లేదు. ఎగువన ఏజెన్సీ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి వదిలేవారు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన ఆనకట్ట పని 1852 నాటికి అయ్యింది. ఆ తర్వాత కాలవలు వచ్చాయి, కాలవల్లో పడవలు తిరిగాయి, మాగాణిలో పంట పెరిగింది. కలప, సున్నం, ఇటుక పడవ మీద ఊరి రేవు దాకా వచ్చేసేవి. పెద్ద పెద్ద లోగిళ్లకు ఆ పంట డబ్బు, ఆ పడవ దారే ఆధారం.

నాలుగిళ్ల లోగిలి, మండువా లోగిలి వేరువేరా?

వాడుకలో రెంటినీ ఒకే అర్థంలో వాడేస్తారు, తప్పేం లేదు. "నాలుగిళ్లు" అన్నప్పుడు ఇల్లు అంటే ఒక్కో దిక్కున ఉన్న గదుల వరస. తూర్పిల్లు, పడమటిల్లు అనే మాటలు అలా వచ్చినవే. ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో పెద్దవాళ్లు "పడమటింట్లో పెట్టాను, తెచ్చుకో" అంటే పక్కవాళ్ల ఇల్లనుకునేరు, పడమటి గది అని. శిల్పశాస్త్రాల్లో దీన్నే చతుశ్శాల అన్నారు. మూడు వైపులే కడితే త్రిశాల, రెండు వైపులైతే ద్విశాల, ఒక్క వరసే ఉంటే ఏకశాల.

త్రిశాలలు డెల్టాలో చాలానే కనిపిస్తాయి, కానీ కొన్ని పుట్టుకతో త్రిశాలలు కావు. అన్నదమ్ముల పంపకాల్లో మండువా మధ్యలో గోడ లేచి ఉంటుంది. పల్లం ఒక గోడకు ఆనుకుని సగంలో తెగిపోయినట్టున్నా, స్తంభాల వరస గోడలోకి దూరిపోయినా అది పంచుకున్న ఇల్లే.

కేరళ నాలుకెట్టు, మన మండువా ఒకటేనా?

దగ్గరి చుట్టాలు. నాలుకెట్టులోనూ నాలుగు వైపులా గదులు, మధ్యలో నడుముట్టం అనే ఆరుబయలు ఉంటాయి. కర్ణాటకలో తొట్టిమనె అనేదీ ఈ కుటుంబమే. కేరళ వాన మనకంటే చాలా ఎక్కువ కాబట్టి అక్కడ కప్పు బాగా ఏటవాలుగా, చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. మన ఇళ్లకు వీధి అరుగులు ఎక్కువ. కేరళలో పాత ఇల్లు సాధారణంగా తోట మధ్యలో ఒంటరిగా ఉంటుంది. మన అగ్రహారాల్లోనూ పెద్ద ఊళ్లలోనూ ఇళ్లు వీధికి ఆనుకుని వరసగా ఉంటాయి. కోనసీమలో కొబ్బరితోటల్లో ఉన్న ఇళ్లు చూసినవాళ్లు మాత్రం రెంటికీ తేడా పట్టలేరు, వాళ్లను తప్పు పట్టలేను.

కొత్త ఇంట్లో హాలు మధ్యన అద్దాల కప్పు పెట్టి మండువా అంటున్నారు. ఒప్పుకోవాలా?

వెలుతురు బావి అనండి, స్కైలైట్ అనండి, నాకు అభ్యంతరం లేదు. నీళ్లు పడనిదీ గాలి పైకి పోనిదీ మండువా ఎలా అవుతుంది? వేడిగాలి పైకి పోయి గదుల్లోంచి చల్లగాలి లాక్కోవడమే మండువా చేసే పని. అద్దం బిగిస్తే ఆ పని ఆగిపోవడమే కాదు, మే నెలలో అది పొయ్యి అవుతుంది. కావాలంటే పైన ఇనుప చువ్వలు వేయించి తెరిచి ఉంచండి. దొంగలూ కోతులూ దిగకుండా పాత ఇళ్లలోనూ అదే చేశారు.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. సెంటు అంటే 48.4 గజాలు. ఐదు సెంట్ల స్థలం 242 గజాలు. చుట్టూ వదలాల్సింది వదిలి, మధ్యలో పల్లం, దాని చుట్టూ నడవ తీసేస్తే గదులకు మిగిలేది అగ్గిపెట్టెలంత. ఈ మాట చెబితే నాకు మండువా గీయడం రాదనుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు.

పెంకుటిళ్లన్నీ ఒకటే కాదా?

రెండు విధాలుగా తేడా పట్టాలి, పెంకును బట్టి, వాలును బట్టి.

పెంకుల్లో పాతది గూనపెంకు. కుమ్మరి సారె మీద చేసి కాల్చిన అరగొట్టం ఆకారం. పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చుతారు, బరువు ఎక్కువ. పిల్లి నడిచినా జరిగిపోతుంది కాబట్టి ఏటా వానలకు ముందు సర్దించుకోవాలి. తర్వాత వచ్చింది బెంగుళూరు పెంకు. మనం బెంగుళూరు అంటాం గానీ అది పుట్టింది మంగళూరులో. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో అక్కడ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. పలకలా ఉండి, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో కూర్చుంటుంది. రీపర్ల మీద, అంటే అడ్డంగా కొట్టిన సన్నటి చెక్క పట్టీల మీద, ఒక్క వరసే చాలు. వెనక్కి తిప్పి చూడండి, చేసిన ఫ్యాక్టరీ పేరు అచ్చొత్తి ఉంటుంది. ఇల్లు ఏ కాలానిదో పసిగట్టడానికి నేను వాడే దారి అదే. అయితే జాగ్రత్త, ఇంకో ఇల్లు విప్పినప్పుడు తెచ్చిన పెంకులూ కావచ్చు.

వాలు సంగతికొస్తే, రెండు వాలుల ఇంటికి రెండు పక్క గోడలు త్రికోణంగా పైదాకా లేస్తాయి. నాలుగు వాలుల ఇంటికి నాలుగు వైపులా చూరే ఉంటుంది, త్రికోణం గోడ ఉండదు. గాలివానకు నాలుగు వాలుల ఇల్లు బాగా నిలుస్తుంది, గాలికి ఎదురుగా నిట్టనిలువు గోడ ఉండదు కదా. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు కొబ్బరిచెట్లు కప్పుల మీదికే ఒరిగాయి. చెట్టు పడితే మాత్రం ఏ వాలైనా ఒకటే. మా చుట్టుపక్కల చాలామంది పెంకు వదిలి శ్లాబుకు మారింది ఆ తర్వాతే.

అరుగు, వసారా, పంచ, సావిడి: అన్నీ వరండాకు పేర్లేనా?

కాదండి. అరుగు అంటే వీధి గుమ్మానికి రెండు పక్కలా ఎత్తుగా కట్టిన దిమ్మె. కూర్చోవడానికి, దారినపోయేవాడు సేద తీరడానికి. వసారా అంటే ఇంటి కప్పే ముందుకు సాగి స్తంభాల మీద ఆగిన జాగా. పంచ అంటే అసలు ఇంటికి పక్కనో వెనకో తర్వాత దింపిన వాలు. దాని కప్పు ఇంటి కప్పు కంటే కాస్త కిందనుంచి మొదలవుతుంది, ఆ మెట్టు చూసి పట్టేయవచ్చు. సావిడి వేరే కట్టడం. పశువులు, ధాన్యం, మగవాళ్ల కబుర్లు అక్కడ. వరండా అనే మాట శ్లాబు ఇళ్లతో వచ్చి అన్నిటి మీదా కూర్చుంది.

డాబా, మిద్దె, మేడ: ఏది ఏది?

ఇది ఊరిని బట్టి మారే మాట, అందుకే గొడవ. మనవైపు చదును కప్పు ఉంటే డాబా. దాని మీద ఇంకో అంతస్తు వేస్తే మేడ. మిద్దె అనే మాట రాయలసీమలో బాగా వినిపిస్తుంది. అక్కడి పాత మిద్దె దూలాల మీద కర్రలు పరిచి పైన మన్ను వేసి తొక్కిన చదును కప్పు. అనంతపురం లాంటి చోట వాన తక్కువ కాబట్టి మట్టి మిద్దె నిలుస్తుంది. మన దగ్గర అదే కడితే మొదటి అల్పపీడనానికే ఇంట్లోకి దిగుతుంది. అందుకే డెల్టాలో సిమెంటు వచ్చేదాకా చదును కప్పు డబ్బున్నవాళ్ల సరదాగానే ఉండిపోయింది.

ఆ సరదా ఇళ్లను మద్రాసు టెర్రస్ అంటారు. గుర్తుపట్టడానికి గదిలో పడుకుని పైకి చూడండి. దగ్గర దగ్గరగా చెక్క దూలాలు, వాటి మధ్య సన్నటి ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి ఉంటాయి. వాటి పైన ఇటుక జల్లి, సున్నం వేసి దిమ్మిస చేస్తారు. ఇనుము లేదు, సిమెంటు లేదు. ఆర్‌సీసీ శ్లాబైతే కింది వైపు నున్నగా ఉంటుంది, పాతదైతే పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తాయి. మద్రాసు టెర్రస్ ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామని ఎవరైనా అంటే వెంటనే వద్దనండి.

పెంకుటింటికి పైన గది ఉంది. మేడా, అటకా?

నిలబడగలిగి, కిటికీ ఉండి, మెట్లు కదలకుండా ఉంటే మేడ. నిచ్చెన వేసుకుని వంగి ఎక్కి ఆవకాయ జాడీలు, పాత మంచం కోళ్లు దించుకునేదైతే అటక.

మాది డూప్లెక్సా, రెండంతస్తుల ఇల్లా?

మెట్లు చూడండి. వీధి గుమ్మం దాటాక, హాల్లోంచో భోజనాల గదిలోంచో మెట్లు పైకి వెళితే డూప్లెక్స్. బయటినుంచి వెళితే అది రెండు పోర్షన్ల ఇల్లు, పైన అద్దెకిచ్చినా ఇవ్వకపోయినా. డూప్లెక్స్‌లో కింది అంతస్తు ఒక్కటే సంపూర్ణం కాదు, పడకగదులు కొన్ని పైన ఉంటాయి. పోర్షన్ల ఇంట్లో ఏ అంతస్తుకా వంటిల్లు ఉంటుంది. హాలు కప్పు రెండంతస్తుల ఎత్తున ఉండటం డూప్లెక్స్‌కు తప్పనిసరి అనుకుంటారు, అది అందం కోసమే. ఏసీ బిల్లు వచ్చాక తెలుస్తుంది.

ఇంట్లో అమ్మానాన్నలుంటే డూప్లెక్స్‌లో వాళ్ల గది, బాత్‌రూమ్ కిందనే ఉండాలని నేను పట్టుబడతాను. మోకాళ్ల నొప్పులు వచ్చాక మెట్లు గోడలాంటివే.

అమెరికాలో మా అబ్బాయి కొన్న ఇంటిని "రాంచ్" అంటున్నాడు. మన ఇళ్లలో దేనికి దగ్గర?

ఈ ప్రశ్న రాని నెల లేదు. రాంచ్ అంటే ఒకే అంతస్తు, వీధి వెంట పొడుగ్గా సాగి, కప్పు వాలు తక్కువగా, కారు గ్యారేజీ ఇంటికే అతికి ఉండే ఇల్లు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ విపరీతంగా కట్టారు. మన ఒంటి అంతస్తు డాబాకు అన్నలాంటిది, కప్పు ఒక్కటే వేరు. కలోనియల్ అంటే రెండంతస్తులు, ముందు తలుపు నట్టనడుమ, దానికి అటూ ఇటూ సమంగా కిటికీలు, పడకగదులు పైన. అది మన లెక్కన డూప్లెక్స్. కేప్ కాడ్ అంటే నిటారు వాలు కప్పు లోపలే పైగదులు ఇరికించిన చిన్న ఇల్లు. కప్పులోంచి కిటికీ గూళ్లు పొడుచుకొస్తాయి, అటకకు కిటికీ పెట్టినట్టు. స్ప్లిట్ లెవెల్‌లో అంతస్తులు సగం సగం ఎత్తుల్లో ఉంటాయి, ఆరేడు మెట్లెక్కితే పడకగదులు, ఆరేడు దిగితే ఇంకో హాలు. దానికి మన దగ్గర జోడీ లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అక్కడ డూప్లెక్స్ అంటే రెండు కుటుంబాలు వేరువేరుగా ఉండే ఇల్లు. అంటే మన పోర్షన్ల ఇల్లు! తండ్రీ కొడుకులు ఫోన్లో అరగంట వాదించుకుని చివరికి నాకు ఫోన్ చేసింది ఈ మాట దగ్గరే. అబ్బాయి "డూప్లెక్స్ వద్దు నాన్నా" అంటాడు, ఈయనేమో పరువు తక్కువైందనుకుంటాడు.

బేస్‌మెంట్ కూడా అంతే. వాళ్లకు అది భూమి కింది గది. మన మేస్త్రీకి బేస్‌మెంట్ అంటే నేల మీదినుంచి గచ్చు దాకా లేపిన ఎత్తు. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లూరే చోట్లున్నాయి, కింది గదిలో చేపలు పెంచుకోవాలి.

లంక గ్రామాల్లో ఇళ్లు వేరుగా ఉంటాయా?

లంకలంటే గోదావరి పాయల మధ్య ఉండే దిబ్బలు. అక్కడ గదుల అమరిక వేరు కాదు, ఎత్తు వేరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు ఈ అంకెల్నీ 1986 ఆగస్టు వరద తమ ఊళ్లో ఎక్కడిదాకా వచ్చిందో ఆ గుర్తునూ మనసులో పెట్టుకునే మెరక పోయించుకుంటారు. ఇంటి ముందు మెట్లు ఆరు దాటితే సామాన్యంగా లంక ఇల్లే. మేస్త్రీ ఎంత చెప్పినా, ఆ ఊరి పెద్దాయన చూపించిన గుర్తు కంటే కింద గచ్చు పెట్టకండి.

పాక, తాటాకిల్లు, చుట్టిల్లు?

పాకకు గోడలు తడికెలు కావచ్చు, ఒక వైపు అసలు ఉండకపోవచ్చు. తాటాకిల్లు పూర్తి ఇల్లు, మట్టిగోడలు, గదులు, గుమ్మం అన్నీ ఉంటాయి, కప్పు మాత్రమే తాటాకు. రెండు మూడేళ్లకోసారి నేయించాలి. చుట్టిల్లు గుండ్రంగా ఉంటుంది, గాలి ఏ వైపునుంచి కొట్టినా మూల దొరకదు. ఉత్తరాంధ్ర తీరంలో ఎక్కువ, ఇటు బాగా అరుదు.

బజారు వీధుల్లో వెడల్పు లేకుండా లోపలికి పొడుగ్గా ఉండే ఇళ్లను ఏమంటారు?

రైలుపెట్టె ఇల్లు. ముందు కొట్టు, దాని వెనక గది, ఆ వెనక గది, చివర వంటిల్లు, దొడ్డి. నడవ లేదు, ఒక గది దాటుకునే ఇంకో గదికి వెళ్లాలి. వీధి గుమ్మంలో నిలబడితే దొడ్డి గుమ్మం కనిపిస్తుంది. బండారులంక లాంటి నేతపని ఊళ్లలో పాత ఇళ్లు పైకి ఇలాగే ఉన్నా లెక్క వేరు. అక్కడ పెద్ద గది మగ్గానిది, నేలలో మగ్గం గుంట ఉంటుంది, మిగతా ఇల్లు దాని చుట్టూ సర్దుకుంటుంది. మగ్గం పోయినా గచ్చులో అతుకు కనిపిస్తుంది.

ముందు శ్లాబు, మధ్యలో పెంకు, వెనక రేకులు. మా ఇల్లు ఏ రకం? కాగితాల్లో ఏం రాయించాలి?

డెల్టాలో మీ ఒక్కరిదే కాదు, వీధికి నాలుగైనా ఉంటాయి. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక ముక్క కట్టిన ఇల్లు. రకం చెప్పాలంటే మధ్యలో పెంకు ఉన్న భాగానికి వెళ్లి వాన నీళ్ల ప్రశ్న వేసుకోండి, అసలు ఇల్లు అదే. కాగితంలో మాత్రం మండువా అనో డూప్లెక్స్ అనో రాయించి ఉపయోగం లేదు. ఎన్ని చదరపు అడుగులు శ్లాబు, ఎన్ని పెంకు, ఎన్ని రేకులు అన్నది విడివిడిగా కొలిపించి రాయించండి. పాత భాగం తలుపులు, ద్వారబంధాలు టేకువైతే ఆ సంగతి కూడా. పంచ మాత్రం మర్చిపోకండి, కొలతల్లో ఎప్పుడూ తప్పిపోయేది అదే.